పాత సినిమాల్లో ఇల్లు కనిపిస్తుంది

పాత సినిమాలు ఎందుకు బాగుంటాయని ఎవర్నడిగినా ముందు పాటలంటారు. ఘంటసాల గొంతంటారు, సావిత్రి కళ్లంటారు, ఎస్వీ రంగారావు ఠీవి అంటారు. అవన్నీ నిజమే, నేను కాదనను. కానీ ఇరవై రెండేళ్లుగా ఒక ఇంటిని నడుపుకొస్తున్న మనిషిగా నాకు ఆ సినిమాల్లో నచ్చేది ఇంకొకటుంది. వాటిలో ఇల్లు ఉంటుంది. ఇల్లంటే సెట్టింగు అని కాదు. అప్పు ఎవరికి ఎంత ఉంది, ఉద్యోగం దొరికిందా లేదా, పిండి ఎవరు రుబ్బాలి, పెద్దకోడలు చేతిలో ఉన్న తాళంచెవులు చిన్నకోడలికి ఎప్పుడొస్తాయి లాంటి సంగతులన్నీ ఉంటాయి. మనం రోజూ తలకెత్తుకునేవి అవే కదా!

ఇప్పటి సినిమాల్లో ఇళ్లు చాలా పెద్దవి. హాలు మధ్యలోంచి మెట్లు రెండు పాయలుగా పైకి వెళ్తాయి. ఆ ఇంటికి కరెంటు బిల్లు ఎంత వస్తుందో, ఆ నేలంతా ఎవరు తుడుస్తారో నేను ఎప్పుడూ ఆలోచిస్తూ కూర్చుంటాను, కథ ముందుకు వెళ్లిపోతుంది. అమ్మ పాత్ర చేతిలో పళ్లెం పట్టుకుని, "టిఫిన్ తినేసి వెళ్లరా" అంటుంది. వాడు తినకుండానే వెళ్లిపోతాడు. సినిమా మొత్తమ్మీద ఆవిడకున్న పని దాదాపు అదే. హీరోయిన్ ఏం చదివిందో, ఏం పని చేస్తుందో రెండున్నర గంటలు చూశాక కూడా చెప్పలేం.

ఇప్పుడు 'మిస్సమ్మ' తీసుకోండి. 1955లో వచ్చింది. కథ అంతా ఒక ఉద్యోగ ప్రకటన మీద నడుస్తుంది. పల్లెటూరి జమీందారు తన బడికి పంతుళ్లు కావాలంటాడు, బి.ఏ. చదివి ఉండాలి, పైగా ఇద్దరూ భార్యాభర్తలై ఉండాలి. మేరీకి ఆ ఉద్యోగం కావాలి. ఎందుకంటే వాళ్ల కుటుంబం అప్పులో ఉంది, అప్పిచ్చినవాడు బాకీ తీరకపోతే పిల్లను చేసుకుంటానని కూర్చున్నాడు. అందుకని ముక్కూ మొహం తెలియని ఒక నిరుద్యోగితో కలిసి మొగుడూ పెళ్లాల్లా నటించడానికి ఒప్పుకుంటుంది. ప్రేమ కోసం కాదు, సరదాకీ కాదు, జీతం కోసం. స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్లయింది, దేశంలో బి.ఏ. చదివినవాళ్లకి పని లేదు. ఆ సంగతి ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా నవ్విస్తూనే చెప్పారు చక్రపాణిగారు, ఎల్.వి. ప్రసాద్‌గారు.

అందులో నాకు ఇంకా ఇష్టమైనది మేరీ కోపం. సినిమాలో ముప్పాతిక వంతు ఆ అమ్మాయి చిరాకుగానే ఉంటుంది. ఎవరూ ఆ కోపాన్ని 'దించడానికి' ప్రయత్నించరు. ఎన్టీఆర్ పక్కన నిలబడి ఓపిక పడతాడు, సర్దిచెప్తాడు, అబద్ధాల మీద అబద్ధాలు ఆడి ఇబ్బందుల్లోంచి బయటపడేస్తాడు. అంత పెద్ద హీరో సినిమా అంతా ఒక ఆడపిల్ల చిరాకుని భరిస్తూ తిరగడం ఇప్పుడు ఊహించగలమా? ఆ పాత్రకి మొదట భానుమతిని అనుకున్నారు, తర్వాత అది సావిత్రికి వచ్చింది, సావిత్రి చెయ్యాల్సిన చెల్లెలి వేషం జమునకి వెళ్లింది. ఈ మార్పు వల్ల తెలుగువాళ్లకి ఎంత మేలు జరిగిందో చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు దాన్ని కూర్చోబెట్టి 'మిస్సమ్మ' పెట్టాను. పది నిమిషాలకి రిమోట్ తీసుకుని ఒకటిన్నర స్పీడ్ పెట్టింది. మా అత్తయ్యగారు మంచం మీంచి లేచి, "సావిత్రిని అట్లా పరిగెత్తిస్తావేమే, అదేమన్నా రైలందుకోవాలా" అని కేకలేశారు. మళ్లీ మామూలు స్పీడ్‌కి వచ్చింది. చివరిదాకా చూసింది, నవ్వాల్సిన చోటల్లా నవ్వింది. అయిపోయాక ఒక మాట అంది. "అమ్మా, చివరికి మేరీ వాళ్ల తప్పిపోయిన మహాలక్ష్మే అని తేల్చేశారు కదా. నిజంగానే వేరే మతం పిల్ల అయ్యుంటే పెళ్లి చేసేవాళ్లా? ఆ ప్రశ్న రాకుండా కథ పక్కనుంచి తప్పుకుంది."

ఆ ప్రశ్న బాగుంది. నేను ఈ సినిమాని పాతికసార్లు చూసుంటాను, అలా అడగాలని ఎప్పుడూ తోచలేదు. ఇలాంటి ప్రశ్న పుట్టించడం కూడా మంచి సినిమా లక్షణమే అంటాను నేను. ఏమీ లేని సినిమాని ఏమని అడుగుతాం?

పౌరాణికాల్లోనూ ఇల్లే ఉండేది. 'మాయాబజార్' అనగానే అందరూ ఘటోత్కచుడి భోజనం, మార్కస్ బార్ట్‌లే కెమెరా, ఆ వెన్నెల అంటారు. నాకు మాత్రం అది ఒక పెళ్లి సంబంధం చెడిపోవడం, మళ్లీ కుదరడం గురించిన కథ. చిన్నప్పుడు పిల్లనిస్తామని మాట అనుకున్నారు. పిల్లాడి వైపువాళ్లు రాజ్యం పోగొట్టుకున్నారు. ఇంకేముంది, రేవతికి కళ్లు దుర్యోధనుడి ఐశ్వర్యం మీదికి పోతాయి. ఛాయాదేవి చేసిన ఆ రేవతి మనందరికీ తెలిసిన మనిషే. ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు, మనింటి పెళ్లిళ్లకి వచ్చి పట్టుచీర సర్దుకుంటూ అవతలివాళ్ల ఆస్తుల గురించి అడుగుతుంటారు. కె.వి. రెడ్డిగారు పాండవుల్ని ఒక్కసారి కూడా తెరమీదకి తీసుకురాకుండా భారతం కథ నడిపారని చాలామంది గొప్పగా చెప్తారు. ఎందుకు తేగలరు? ఆడపిల్ల తల్లి మనసు మారడం గురించిన కథలో పాండవులతో పనేముంది!

ఆ సినిమాలోనే సావిత్రి ఇంకో పని చేసింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా నటించింది. అంటే ఒక ఆడపిల్ల శరీరంలో ఎస్వీ రంగారావు నడవాలి, చూడాలి, మీసం లేని చోట మీసం దువ్వాలి. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. పక్కన రేలంగి వణికిపోతుంటే మనం ఇప్పటికీ పగలబడి నవ్వుతాం.

నేను బి.ఏ.లో తెలుగు చదివాను కాబట్టి భాష గురించి చెప్పకపోతే మా మాస్టారు ఊరుకోరు. పింగళి నాగేంద్రరావుగారు 'మాయాబజార్'లో అస్మదీయులకి జతగా 'తసమదీయులు' అనే మాట పుట్టించారు. వ్యాకరణానికి నిలవదు. కానీ మా ఇంట్లో ఇవాళ్టికీ ఆడపడుచు వర్గం ఒకవైపు, మేము ఒకవైపు అయినప్పుడల్లా ఆ మాటే వాడుకుంటాం. 'మల్లీశ్వరి'కి దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు రాశారు. సముద్రాల, మల్లాది రామకృష్ణశాస్త్రి, ఆరుద్ర, ఆత్రేయ... వీళ్లందరూ సినిమా మెట్లు ఎక్కకముందే తెలుగు తెలిసినవాళ్లు. సూర్యకాంతం నోట్లో పెట్టిన తిట్టు కూడా మన గోదావరి వీధిలో నిలబడి విన్నట్టే ఉంటుంది.

ఇప్పటి హీరోయిన్లని తెలుగు రాదని తప్పు పట్టడం నాకిష్టం లేదు. పాపం ఆ పిల్లలు ఎక్కడెక్కడినుంచో వచ్చి పనిచేసుకుంటారు. వాళ్ల తరఫున గొంతిచ్చే అమ్మాయిలు కూడా కష్టపడే పని చేస్తున్నారు. నా బాధ వేరు. ఆడదాని కోపం, వెటకారం, చనువు, అలక అన్నీ గొంతులోనే ఉంటాయి. భానుమతి ఒక్క 'ఊఁ' అంటే ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఆమె మాటలూ ఆమెవే, పాటలూ ఆమెవే. గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయినప్పుడు పాత్రకి రాసేవాళ్లు కూడా కోపం, వెటకారం తగ్గించి నాలుగు ముద్దుమాటలతో సరిపెట్టేస్తున్నారని నా అనుమానం.

అలాగని అప్పటివన్నీ మేలిమి బంగారం అని నేను చెప్పబోవడం లేదు. 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. ఎన్టీఆర్ నిక్కరు వేసుకుని రోటి దగ్గర కూర్చుని పిండి రుబ్బుతూ ఆడవాళ్ల అభివృద్ధి మీద పాట పాడతాడు. మగవాడు రుబ్బడం, అందులోనూ అంత పెద్ద హీరో, నాకెంతో ముచ్చట. కానీ అదే సినిమాలో జమున చేసిన సరోజని చూడండి. గారాబంగా పెరిగిన పిల్లకి పొగరు దించాలని మొగుడూ మామగారూ కలిసి నాటకం ఆడి తోటపని చేయిస్తారు. పొగరున్న మగపిల్లాడికి ఇలాంటి శిక్షణ ఇచ్చిన పాత సినిమాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఒక చేతి వేళ్లు చాలు.

ఇక గుండమ్మ. చిన్నప్పుడు ఆమె రాక్షసిలా కనిపించేది. ఇప్పుడు చూస్తుంటే, మొగుడు పోయిన మనిషి, ఆస్తి ఉంది, చుట్టూ కాజెయ్యాలని చూసేవాళ్లున్నారు, నోరు పెట్టుకుని బతకక ఏం చేస్తుంది అనిపిస్తుంది. సవతి కూతురితో చాకిరీ చేయించడం తప్పే. కానీ ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. చివర్లో ఛాయాదేవి చేతిలో గుండమ్మ పడే పాట్లు చూస్తే మా అత్తయ్యగారికి నవ్వొస్తుంది, నాకు జాలేస్తుంది. మన ఊళ్లలో ఆడపిల్లలకి సూర్యకాంతం అనే పేరు పెట్టుకోవడానికి జంకేంత బాగా నటించింది ఆ మహాతల్లి. షూటింగులకి ఇంటినుంచి రకరకాలు వండి తెచ్చి అందరికీ పెట్టేదని ఆమెతో పనిచేసినవాళ్లు ఎంతోమంది చెప్పుకున్నారు.

మా అత్తయ్యగారి పుట్టిల్లు దుగ్గిరాల దగ్గర. జమున దుగ్గిరాలలోనే పెరిగింది కాబట్టి ఆవిడ తెరమీద కనపడగానే "మా వూరి పిల్ల" అంటారు, ఇద్దరూ కలిసి పసుపు కొమ్ములు ఏరినట్టు. సావిత్రిది ఆ పక్కనే తెనాలి దగ్గర చిర్రావూరు. చక్రపాణిగారిదీ తెనాలే. అందుకని అత్తయ్యగారి లెక్కలో విజయా సంస్థ మొత్తం వాళ్ల పుట్టింటివారిది.

ఆవిడ చెప్పే టూరింగ్ టాకీసు సంగతులు వింటే ఆ సినిమాలు ఎందుకు అలా ఉన్నాయో నాకు ఇంకా బాగా తెలిసింది. పొద్దున్నుంచి చాకిరీ చేసి, సాయంత్రం పెందలాడే వంట ముగించి, పిల్లల్ని చంకనేసుకుని బండి కట్టుకుని వెళ్లేవారట. డేరాలో ఆడవాళ్ల వైపు విడిగా ఉండేదట. రీలు మార్చడానికి ఆపినప్పుడల్లా కథ గురించి తగవులాడుకునేవారట, ఆ అత్త అలా అనొచ్చా, ఈ కోడలు ఇలా చెయ్యొచ్చా అని. నెలకోసారో రెండు నెలలకోసారో ఇల్లు దాటి వచ్చే ఆడవాళ్లు వాళ్లు. సినిమా తీసేవాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు, ఆ వైపు కూర్చున్నవాళ్లు మెచ్చకపోతే సినిమా నిలవదని. ఇప్పుడు మొదటిరోజు పొద్దున్నే ఈలలు వేసే కుర్రాళ్లు మెచ్చితే చాలనుకుంటున్నారు. ఆ వేళకి మనం ఇంట్లో క్యారేజీలు సర్దుతుంటాం.

మొన్నొక రోజు 'పెళ్లినాటి ప్రమాణాలు' చూశాం. 1958 నాటిది, కె.వి. రెడ్డిగారిదే. నాగేశ్వరరావు, జమున ప్రేమించి పెళ్లి చేసుకుంటారు. పిల్లలు పుడతారు. ఆమె పిల్లల పనిలో మునిగిపోతుంది, అతనికి విసుగొస్తుంది, ఆఫీసులో సెక్రటరీ వైపు మనసు మళ్లుతుంది. పెళ్లిలో చేసిన ప్రమాణాలు గుర్తుచేసి అతన్ని దారికి తెస్తారు. ఇంత మామూలు విషయం మీద, ఇంత నిజం విషయం మీద, అప్పట్లోనే ఒక పూర్తి సినిమా తీశారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ఆమె అతన్ని అంత సులువుగా ఎందుకు క్షమించాలని నాకు కడుపులో మంట. ఆ మాటే పైకన్నాను.

అత్తయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ముగ్గురు పిల్లల్తో ఎక్కడికెళ్తది?" అన్నారు. ఇంకాసేపాగి, "ఈ సినిమా మళ్లీ ఆడినప్పుడు పెళ్లైన కొత్తలో చూశాను. ఇంటికొచ్చి మీ మావయ్యగారితో రెండ్రోజులు మాట్లాడలేదు. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు" అన్నారు.

మావయ్యగారు పోయి ఆరేళ్లయింది. ఆ రెండ్రోజుల వెనక ఏముందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. కానీ ఆ సినిమా ఆవిడకి ఒక మాట ఇచ్చింది, కనీసం ఒక మౌనం ఇచ్చింది. మన రోజుల్లో మనకి అలా పనికొచ్చిన సినిమా ఏదా అని ఆ రాత్రంతా వెతుక్కున్నాను.

మన రోజుల సినిమాలు మగపిల్లలకి ఏం ఇచ్చాయో మాత్రం నాకు బాగా తెలుసు. అమ్మాయి వద్దంటే వెంటపడాలి, బస్టాపులో నిలబడాలి, స్నేహితుల్ని వెంటేసుకుని ఇంటిముందు తిరగాలి, చివరికి ఆమె ఒప్పుకుంటుంది అని ముప్పై ఏళ్లుగా చెప్తూనే ఉన్నారు. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి'లో హీరో క్లాసులోకి వెళ్లి ఆ పిల్ల తనదని ప్రకటిస్తాడు, ఆ పిల్లని ఒక్క మాట అడగడు. హాలంతా చప్పట్లు. బాగా తీశారు, బాగా నటించారు, అందుకే నాకు ఇంకా భయం. మా అమ్మాయి ఇంటర్ చదివేటప్పుడు ఒక కుర్రాడు రెండు నెలలు దాని బస్సు వెనకాలే బండి మీద వచ్చాడు. దీనికి రాత్రుళ్లు నిద్ర లేదు. దాని స్నేహితురాళ్లు మాత్రం, "సినిమాలో లాగా ఉందే" అని నవ్వారట. వాడు చేసిన పనికంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పాతవాటిలో అల్లరి పాటలు లేవా అంటే ఉన్నాయి. అరవైల్లోనే హీరో హీరోయిన్ జడ లాగడం మొదలైంది. అయినా అమ్మాయి 'ఛీ' అంటే అది కాసేపు 'ఛీ' గానే ఉండేది.

ఒక్క విషయం మాత్రం మనం గట్టిగా అడగాలి. ఆడవాళ్లు రాసిన కథలు ఏమైపోయాయి? కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' నవలే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది, దానికి నంది అవార్డు వచ్చింది. రంగనాయకమ్మగారి 'బలిపీఠం' సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణి నవలలు 'మీనా', 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' వరసగా వచ్చాయి. వారపత్రికలో సీరియల్ కోసం మన అమ్మలు పోస్ట్‌మాన్ దారి కాచేవారు, ఆ కథే తెరమీద చూసేవారు. 'మీనా' సినిమాకి దర్శకత్వం కూడా విజయనిర్మలే. ఆవిడ 40కి పైగా సినిమాలు తీసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంతకుముందే 1953లో భానుమతి 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' తీసింది, సంగీతం పి. లీలది. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు 'మీనా' చదివినవాళ్లందరికీ ఆ కథ పుట్టిల్లు ఎక్కడో తెలిసిపోయింది. ఎప్పటి నవలో ఇప్పటికీ నాలుగు డబ్బులు తెస్తోందంటే, కొత్తగా రాసే ఆడవాళ్ల కథలకి గిరాకీ లేదని ఎవరన్నారు?

ఇప్పుడూ మంచివి వస్తున్నాయి. శ్రీరమణగారి కథతో తనికెళ్ల భరణి తీసిన 'మిథునం'లో ఉన్నది ఇద్దరే మనుషులు, ఒక పెరడు. సగం సినిమా తిండే! 'కేరాఫ్ కంచరపాలెం' చూసి నేను రెండ్రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. 'ఫిదా'లో భానుమతి తన భాషలో తను మాట్లాడింది. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో ఊరంతా ఆరుబయట తెర కట్టుకుని చూశారు, అక్కచెల్లెళ్లు అన్నదమ్ములు పట్టుకుని ఏడ్చారు. ఒక చావింట్లో కాకి ముద్ద ముట్టదు, అంతే కథ. ఫైట్లు లేవు, విదేశాలు లేవు. అత్తయ్యగారికి ఆ యాస కొంత అర్థం కాలేదు, అయినా కొంగు తడిసింది. "ఇది పాత సినిమానే" అని తీర్పు చెప్పేశారు.

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సినిమా. ఈ వారం అత్తయ్యగారు 'తోడికోడళ్లు' కావాలంటున్నారు. కన్నాంబ, సూర్యకాంతం, సావిత్రి ముగ్గురూ కోడళ్లు, అన్నదమ్ముల ఉమ్మడి కాపురం, అందులో చిచ్చు. బంగారంలాంటి సినిమా. చిక్కేమిటంటే శనివారం మా తోడికోడలు దిగుతోంది, సోమవారం దాకా ఉంటుంది. ముగ్గురం పక్కపక్కన కూర్చుని చూడాలి. సూర్యకాంతం నోరు విప్పినప్పుడల్లా అత్తయ్యగారు ఎటు తిరిగి చూస్తారో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. 'మాయాబజార్' అయితే ఏ గొడవా ఉండదని చెప్పి చూస్తాను.